కేస్ స్టడీ: కోనసీమ ఇంట్లో పాత పొగగొట్టం పొయ్యి. రంగు వేయాలా, వద్దా?

పాత ఇళ్ల మరమ్మతుకి నన్ను పిలిచేవాళ్లు సాధారణంగా కప్పు కారుతోందనో, దూలం వంగిందనో పిలుస్తారు. ఈసారి పొయ్యి కోసం పిలిచారు. అమలాపురం నుంచి అంబాజీపేట వైపు వెళ్లే దారిలో, పంట కాలువకి దగ్గరగా ఉన్న మండువా లోగిలి అది. ఆగ్నేయ మూల వంటిల్లు. తూర్పు గోడకి ఆనించి ఇటుకతో కట్టిన పొయ్యి గట్టు, దాని మీదికి గొడుగులా ముందుకొచ్చిన పొగగూడు, అక్కణ్ణించి పెంకుల పైకి లేచిన పొగగొట్టం. గూడు ముందు భాగం బరువంతా ఒక టేకు దూలం మీద ఉంది.

మా వైపు పాత వంటిళ్లలో పొగగొట్టం అరుదు. పొగ పెంకుల సందుల్లోంచి, గోడ పైన వదిలిన కంతల్లోంచి పోయేది. ఈ ఇల్లు 1930ల నాటిది. కట్టించిన పెద్దాయన కాకినాడలో దొరల బంగళాలు చూసొచ్చి, మేస్త్రిని కూర్చోబెట్టి మరీ ఇది కట్టించారని ఇంట్లోవాళ్లు చెబుతారు. అందుకే దీన్ని మామూలు గట్టు పొయ్యిలా చూడలేదు. ఇంగ్లీషు వాళ్ల ఇళ్లలో చలి కాచుకునే పొయ్యికీ, మన కట్టెల పొయ్యికీ మధ్యరకం కట్టడం ఇది.

ఏం చేశామో ముందే చెప్పేస్తాను. పొయ్యి పడగొట్టలేదు, టైల్స్ అంటించలేదు, ప్లాస్టిక్ పెయింట్ వేయలేదు. పొగగొట్టం తెరిచి, సిమెంటు పెచ్చు తీసి, సున్నం వేశాం. ఆ నిర్ణయానికి ఎలా వచ్చామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి గోడ ఉన్న ఇళ్లు డెల్టాలో ఇంకా చాలానే ఉన్నాయి, వాటిలో ఎక్కువ పాడవుతున్నది నిర్లక్ష్యం వల్ల కంటే తొందరపడి వేసిన రంగుల వల్లే.

ముగ్గురి మాట

ఇంటాయన రిటైరైన మాస్టారు. ఆయన ఉద్దేశం సూటిగా ఉంది. "ఇరవై ఏళ్లయి వాడట్లేదండీ. తీయించేస్తే మాడ్యులర్ కిచెన్‌కి చోటొస్తుంది."

వాళ్లమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అక్కడ వాళ్లు కొనుక్కున్న ఇంట్లో హాల్లో ఎర్ర ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంటే, దానికి తెల్లరంగు వేయించుకున్నారు. గది ఒక్కసారిగా వెలుగొచ్చినట్టయిందని, ఇక్కడ పొయ్యికీ అలాగే తెలుపు వేసి లోపల నలుపు కొట్టిస్తే అందంగా ఉంటుందని ఆమె కోరిక. వీడియో కాల్లో ఫోటోలు కూడా చూపించింది. నిజంగానే బాగుంది.

మాస్టారి భార్య పిన్నిగారు మాత్రం ముందు మాట్లాడలేదు. మాస్టారు కాఫీ అందుకోవడానికి లోపలికి వెళ్లాక అన్నారు: "నేను కాపరానికొచ్చినప్పట్నించి అలికిన పొయ్యి బాబూ. పగలగొట్టమని నా నోటితో అననులెండి. అలాగని దానికి లిప్‌స్టిక్ వేసినట్టు వేయకండి."

ముగ్గురివీ న్యాయమైన మాటలే. అప్పటికే ఏడాది కిందట ఎవరో రంగులాయన వచ్చి పొగగూడు కుడి సగానికి లప్పం (పుట్టీ) పెట్టి, తెల్ల ఎమల్షన్, అంటే ప్లాస్టిక్ పెయింట్, రెండు చేతులు వేసి వెళ్లాడు. నేను చూసేటప్పటికి అది అరచేతులంత పెచ్చులుగా లేచిపోయి ఉంది. ఒక పెచ్చు తీసి తిప్పితే, వెనకవైపు లప్పానికి సన్నటి తెల్లటి నూగు పట్టి ఉంది. వేలితో తుడిచి నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంది. రంగు నాసిరకమని మాస్టారు అనుకుంటున్నారు. రంగు మంచి కంపెనీదే. కింద గోడ సిద్ధంగా లేదు.

గోడని చదవడం

రంగు మాట ఎత్తే ముందు నేను రెండు విషయాలు తేల్చుకుంటాను. గోడలోకి నీరు ఎక్కణ్ణించి వస్తోంది, ఎటు పోతోంది? పొయ్యి మళ్లీ వెలిగిస్తారా, లేదా? ఈ రెండిటికీ జవాబు దొరికితే ఏ పూత వేయాలన్నది దాదాపు తేలిపోయినట్టే.

పొగగూడు పక్కన కనపడని మూలలో బ్లేడుతో రూపాయి బిళ్ళంత మేర పొరపొరగా గీకాను. పైన ఎమల్షన్. దాని కింద లప్పం. ఆ కింద నడుమెత్తు దాకా ముదురాకుపచ్చ ఎనామిల్, అంటే మన వాళ్లు ఆయిల్ పెయింట్ అనేది. దాని కింద లేత నీలం డిస్టెంపరు. ఇక ఆ కింద సున్నం పూతలు, ఒకదాని మీద ఒకటి, కొన్ని నీలిమందు కలిపినవి, కొన్ని ఉత్త తెలుపు. అన్నిటికన్నా అడుగున డంగు సున్నం గచ్చు, అంటే గానుగలో నూరిన సున్నంతో చేసిన ప్లాస్టరు, గోరుతో గీస్తే పొడిపొడిగా వస్తోంది, మధ్యలో ఎర్రటి ఇటుక రవ్వ. సున్నం పూతలు ఎన్ని ఉన్నా ఒక్కటీ ఊడలేదు. ఊడినవన్నీ వాటి మీద వచ్చినవే.

ఆకుపచ్చ ఎనామిల్ దగ్గర ఆగాలి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్, అందులోనూ పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఉంది. ఇలాంటి పాత పూతని పొడిగా ఎమరీ పేపర్ పెట్టి రుద్దకూడదు, బ్లోలాంప్‌తో కాల్చకూడదు. ఆ దుమ్ము, ఆ పొగ పిల్లలకి చాలా ప్రమాదం. తడిపి గీకాలి, కింద టార్పాలిన్ పరచాలి, వచ్చిన చెత్తంతా మూటగట్టి తీసేయాలి, పెరట్లో పారబోయకూడదు. రంగుల పని చేసే కుర్రాళ్లు మూతికి గుడ్డ కూడా లేకుండా ఈ పని చేయడం నేను రోజూ చూస్తూనే ఉంటాను. ఇంటివాళ్లు గట్టిగా చెబితే తప్ప మాస్కు పెట్టుకోరు. చెప్పండి.

తరవాత చెమ్మ. ఈ గోడలో చెమ్మ రెండు రకాలు, వాటి కారణాలు వేరు.

మొదటిది కింద నుంచి వచ్చేది. డెల్టాలో నేలలో నీరు ఎప్పుడూ పైపైనే ఉంటుంది. కాలువలు పారుతున్నన్నాళ్లూ మరీ పైకి వస్తుంది. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యి కాలువలకి నీళ్లు ఆపేశాక కొంచెం దిగుతుంది. ఇటుక ఆ నీటిని పీల్చుకుంటుంది, సున్నపు గచ్చు దాన్ని గాలికి వదిలేస్తుంది. ఆ ఏర్పాటు చాలా ఏళ్లు బాగానే సాగింది. 1986 ఆగస్టు గోదావరి వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చి గచ్చు పాడయితే, గట్టిగా ఉంటుందని నడుమెత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. అప్పట్నించి నీటికి ముందుకి దారి లేదు. సిమెంటు వెనకే పైకి పాకి, అది ఆగిన చోట బయటపడింది. నీరు ఆరిపోతుంది, అందులోని ఉప్పు మిగిలిపోతుంది. ఇటుక రంధ్రాల్లో ఆ ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడి ఉబ్బినప్పుడు ఇటుక ముఖమే రాలిపోతుంది. సిమెంటు అంచు పైన జానెడు మేర ఇటుకలు కొరికినట్టు తయారయింది ఇందుకే.

రెండోది విచిత్రమైనది. పొగగూడు మీద, గొట్టం మెడ దగ్గర, తేనెరంగు మచ్చలు. వానాకాలంలో వస్తాయి, సంక్రాంతికి మాయమవుతాయి. కప్పు కారుతోందని ఇంటాయన పెంకులు రెండుసార్లు సర్దించారు. కారడం లేదు. మచ్చ మీద పాలిథీన్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి ఉంచితే, తేమ కాగితం లోపలి వైపు గోడ నుంచే చేరింది. పైన పెంకు కింద వాసాలు, బద్దెలు మాత్రం పొడిగా ఉన్నాయి.

కారణం పొగే. ఈ పొయ్యిలో ఎన్నో ఏళ్లు కాల్చినవి కొబ్బరి డొక్కలు, మట్టలు, పిడకలు. కొబ్బరి డొక్క బూడిదలో పొటాషియం ఎక్కువ, అందుకే తోటల్లో ఎరువుగా చల్లుతారు. ఆ లవణాలు, మసిలోని మిగతా ఉప్పులు గొట్టం లోపలి గచ్చులోకి ఇంకిపోయాయి. ఇవి గాలిలో తేమని లాగే రకం. గాలి చెమ్మగిల్లగానే గోడ తనంతట తానే తడుస్తుంది, ఆ తడితో మసిలోని జిడ్డు రంగు బయటికి వస్తుంది. 1996 నవంబరు 6 తుపానుకి గొట్టం పై వరసలు కూలితే, వాన పడకుండా దాని నోటికి కాంక్రీటు పలక వేసి పూర్తిగా మూసేశారు. అప్పట్నించి గొట్టం లోపల గాలి ఆడలేదు, తేమ పోవడానికి దారే లేదు.

డల్లాస్ గోడా, ఈ గోడా

అమ్మాయికి ఇదంతా ఫోన్లో చెప్పాను, ఓపిగ్గా వింది. అమెరికాలో ఇటుక ఫైర్‌ప్లేస్‌కి రంగు వేయాలా వద్దా అన్నది అక్కడా పెద్ద చర్చే. ఇటుకకి ఒకసారి రంగు ఇంకితే మళ్లీ పూర్తిగా వదలదు. అందుకే తొందరపడొద్దని, కావాలంటే నీళ్లు కలిపిన పలచటి పూతో, సున్నపు పూతో వేసి చూడమని అక్కడివాళ్లు చెబుతారు. కానీ వాళ్లింటి ఇటుక గోడ వెచ్చటి, పొడి గదిలో ఉంది. కింద నుంచి నీరు ఎక్కదు. మంట గ్యాసుది, గాజు తలుపు వెనక ఉంది. ఇటుక ముఖానికి తగిలే వేడి తక్కువ, మసి దాదాపు లేదు. అలాంటి చోట మసి మరకలు కడిగి, మరక పైకి రాకుండా ఆపే ప్రైమర్ వేసి, ఎమల్షన్ వేస్తే బాగానే నిలుస్తుంది. ఆమె చేసింది తప్పు కాదు, ఆ ఇంటికి సరైనదే.

ఇక్కడ అదే పని చేస్తే ఏమవుతుందో కుడి సగం చూపిస్తూనే ఉంది. మసి మరకని ఆపడానికి లక్క పూత వేయొచ్చు కదా అని మాస్టారు అడిగారు. వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి పాలిష్‌కి వాడే ఆ లక్కే మరకల్ని బాగా ఆపుతుంది. కానీ 75, 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కట్టెల మంట మీద ఉండే గూడుకి అది పనికిరాదు. పైగా వెనకనున్న నీటిని కూడా ఆపేస్తుంది, అప్పుడు లక్కతో పాటు ఇటుక పొర కూడా లేచిపోతుంది.

పొయ్యి లోపలికి వేడిని తట్టుకునే నల్ల సిలికాన్ పెయింట్ దొరుకుతుంది. 600 డిగ్రీల దాకా అని డబ్బా మీద రాసి ఉంటుంది. బాయిలర్లకి, సైలెన్సర్లకి వాడేది ఇలాంటిదే. అది ఇనుము మీద, ఎండిన ఇటుక మీద నిలుస్తుంది. చెమ్మ ఉన్న ఇటుక మీద మొదటి మంటకే వెనక నీరు ఆవిరై బుడగలు తెస్తుంది.

అన్ని పొయ్యిలకీ సున్నమే అని నేను చెప్పను. పాలకొల్లు దగ్గర 1970లలో సిమెంటు పునాది మీద కట్టిన ఇంట్లో ఇలాంటి పొయ్యి గట్టే ఉంటే, అడుగున చెమ్మ పైకి ఎక్కకుండా తారు పొర ఉంది, గోడ పొడిగా ఉంది, పొయ్యి ఇక వెలిగించబోమని వాళ్లు ఖాయంగా చెప్పారు, అప్పటికే మూడు పూతల ఆయిల్ పెయింట్ ఉంది. అక్కడ ఎమల్షనే వేయించాను, గట్టు మీద గ్రానైట్ కూడా. పోగొట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, గోడ అడ్డు చెప్పలేదు.

టైల్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిమెంటు పేస్టుతో అంటించే విట్రిఫైడ్ టైలు ఈ గోడకి 1986 సిమెంటు చేసిన పనే రెండింతలు చేస్తుంది. పడగొట్టడం సంగతికొస్తే, గూడుని మోస్తున్న టేకు దూలం మీదే పక్కనున్న వసారా వాసాలు కూడా ఆనాయి. పొయ్యి తీస్తే కప్పుకి కొత్త ఆధారం ఇవ్వాలి. ఆ లెక్క విన్నాక మాస్టారు మాడ్యులర్ కిచెన్‌ని పక్క గదిలోకి మార్చుకున్నారు. నాకు సంతోషమైంది.

పొయ్యి మళ్లీ వెలిగిస్తారా అన్న రెండో ప్రశ్నకి జవాబు పిన్నిగారే ఇచ్చారు. రోజూ వంట గ్యాసు మీదే, పండక్కి మాత్రం పొయ్యి వెలగాలి. కట్టెల పొగ రోజూ పీల్చడం ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి నేనూ అంతకు మించి వద్దన్నాను.

చేసిన పని

పొగగొట్టంతో మొదలుపెట్టాం. పైన పలక తీయగానే లోపల ఎండిన తేనెపట్టు, పక్షి గూళ్లు, వాటి కింద గట్టిగా అతుక్కున్న నల్లటి జిగట మసి. పచ్చి డొక్కలు కాలిస్తే వచ్చేది ఈ జిగటే, ఇదే అంటుకుంటే గొట్టమంతా మంటవుతుంది. పొడి బ్రష్షుతోనే దులిపాం. మసిని నీళ్లతో కడగకూడదు, కడిగితే ఇటుక రంధ్రాల్లోకి ఇంకిపోయి మరక శాశ్వతమవుతుంది. యాసిడ్ అసలే వద్దు, అది సున్నపు అతుకుని తినేస్తుంది.

మసి దులిపేటప్పుడు ఈ పనంతటిలోకి ముఖ్యమైన విషయం బయటపడింది. పెంకుల కింద, గొట్టాన్ని ఆనుకుని ఒక తాటి వాసం ఉంది. ఆ కొన నల్లబడి ఉంది. వేళ్లతో నలిపితే బొగ్గుపొడిలా రాలింది. గొట్టం గోడలో అదే ఎత్తులో ఒక నిలువు చీలిక, కత్తి మొన దూరేంత. ఏళ్ల తరబడి వేడి తగిలిన కర్ర రానురాను తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. పొయ్యి ఆగిపోబట్టి ఈ ఇల్లు మిగిలింది అని నేను నమ్ముతున్నాను. గోడకి రంగు వేసి, ముచ్చటపడి పండక్కి పొయ్యి వెలిగించి ఉంటే ఏమయ్యేదో మాస్టారికి పైకి ఎక్కించి చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ వాసం కొన కోసి, పక్క వాసాలకి అడ్డకర్రతో కట్టి, గొట్టానికీ కర్రకీ మధ్య రెండంగుళాలు ఖాళీ వదిలాం. ఎక్కడా కర్ర ఇటుకని తాకకూడదు. చీలికని లోపలి నుంచీ బయటి నుంచీ డంగు సున్నంతో పూడ్చి, లోపలంతా సున్నపు గచ్చు ఒక పూత కొత్తగా వేశాం. ఎండాక కింద తడి పీచు రాజేసి, పైన నోటికి గోనె అడ్డం పెట్టి, పెంకుల కింద మేస్త్రి టార్చితో వెతికాడు. పొగ ఎక్కడా కారలేదు.

గొట్టం ఎత్తు కూడా చూశాం. అమెరికాలో దీనికి పాటించే కొలత ఒకటుంది. గొట్టం కప్పుని చీల్చుకుని వచ్చిన చోటు నుంచి కనీసం మూడడుగులు, చుట్టూ పదడుగుల లోపు ఉన్న దేనికన్నా రెండడుగులు పైకి ఉండాలి. గాలి తిరగబడి పొగ కిందికి రాకుండా అది. మన పెంకుటిళ్లకీ ఆ తర్కం సరిపోతుంది. తుపానుకి పోయిన వరసలు మళ్లీ కడితే ఆ ఎత్తు వచ్చేసింది. పైన నాలుగు మూలలా ఇటుక స్తంభాలు, మధ్యలో నాలుగు వైపులా గాలి ఆడే సందు, దాని మీద రాతి పలక. పలకని స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలతో గొట్టానికి బిగించాం, తుపాను గాలికి లేవకుండా. పక్షులు దూరకుండా వేసిన జాలీ కళ్లు పెద్దవి, సన్న జాలీ అయితే మసి పట్టి మూసుకుపోతుంది.

గోడ పని దాళ్వా కోతలయ్యి కాలువలకి నీళ్లు ఆపేశాక మొదలుపెట్టాం, నేలలో నీరు దిగి ఉంటుందని. సిమెంటు ప్లాస్టరు ఉలితో చిన్న చిన్న ముక్కలుగా తీశాం. పెద్ద సుత్తి వాడితే ఇటుక ముఖం కూడా వచ్చేస్తుంది. తీసిన రోజు ఇటుకలు నల్లగా, చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. వాటిని అలాగే గాలికి వదిలేశాం. ఉప్పు నూగు పైకి వస్తున్నకొద్దీ పొడి బ్రష్షుతో దులిపి, ఆ పొడి కింద పడనివ్వకుండా ఎత్తిపారేశాం. మరీ ఎక్కువగా ఉన్న చోట బంకమట్టి, ఇసక, మంచినీళ్లు కలిపి ముద్దలా పట్టించాం. ఆ ముద్ద ఆరేటప్పుడు గోడలోని ఉప్పుని తనలోకి లాక్కుంటుంది, ఎండాక ఒలిచేయాలి. మచ్చలున్న మెడ దగ్గర ఇది పదేపదే చేశాం.

కొత్త గచ్చుకి సున్నం, ఇటుక పొడి, ఇసక. సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒకటి, ఇసక రెండు. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకదై ఉండాలి, కాలీకాలని ఇటుక పొడి మట్టితో సమానం. కొబ్బరి తోటల్లో బోరు నీళ్లు కొన్ని చోట్ల ఉప్పగా ఉంటాయి కాబట్టి నీళ్లు రుచి చూసి మరీ వాడాం. పాత మేస్త్రి కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపమన్నాడు. మా వైపు గానుగ సున్నం కాలం నుంచి ఉన్న పద్ధతే అది, ఆయన కొలతే పాటించాను. గచ్చు ఎండకి కాకుండా తడి గోనె సంచులు కప్పి నిదానంగా గట్టిపడనిచ్చాం. సిమెంటు పనికి అలవాటుపడిన కుర్రాళ్లకి ఈ నిదానం నచ్చదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి టైము ఇవ్వాల్సిందే.

ఇక పూత. కాల్చిన సున్నం నీళ్లలో వేసి, అది తనంతట తానే ఉడికిపోయాక, మూతపెట్టి కొన్ని వారాలు నాననిచ్చిన ముద్ద. ఈ ఉడుకు సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు, కళ్లజోడు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ముద్దని పలచటి పాలలా కలిపి, తుమ్మబంక నీళ్లు చేర్చి, గుడ్డలో వడగట్టాం. గోడని ముందు తడిపి, పలచటి పూతలు నాలుగైదు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరనిచ్చి. వేసినప్పుడు నీళ్లలా కనిపిస్తుంది, వేసినాయన కూలి దండగనిపిస్తుంది. తెల్లారి చూస్తే తెల్లగా తేలుతుంది. చిక్కగా ఒకేసారి కొడితే పొడిపొడిగా రాలిపోయేది అందుకే.

అమ్మాయి కోరిన తెలుపు పొగగూడు ముఖానికి వచ్చింది, చిటికెడు నీలిమందుతో. అడుగున గట్టు ముఖానికి జేగురు (ఎర్ర మన్ను రంగు) కలిపిన సున్నం. జేగురు మన్ను సున్నానికి చెదరని రంగు. షాపుల్లో దొరికే రంగు ట్యూబులు అన్నీ అలా కావు, కొన్ని సున్నపు ఘాటుకి వెలిసిపోతాయి. గట్టు పైన కడప బండ వద్దన్నాను, నేరుగా మంట తగిలితే పగులుతుంది. ఇటుకే ఉంచాం.

పొయ్యి లోపల ఏ రంగూ వేయలేదు. పిన్నిగారు ఎర్రమట్టి, పేడ కలిపి అలికారు. మంటకి ఆ పూత కాలి రాలుతుంది, ఇటుక మిగులుతుంది. మళ్లీ అలికితే సరి. ఆవిడ ఇన్నేళ్లూ చేసిన ఆ అలుకుడే ఇటుకని ఇంతకాలం కాపాడిందని ఆవిడకి చెప్పాను. వేడికీ చెమ్మకీ పనికొచ్చే, మార్చుకోగలిగే పూత అంతకన్నా నాకు తెలియదు.

ఒక వానాకాలం గడిచాక

సంక్రాంతికి పొయ్యి వెలిగించారు. మొదట కాసేపు పొగ గదిలోకి వచ్చింది. చల్లటి గొట్టంలో గాలి పైకి లాగదు. ఎండు కొబ్బరాకు ఒకటి గొట్టం మెడ దగ్గర పట్టుకుని వెలిగిస్తే గొట్టం వేడెక్కి లాగడం మొదలవుతుంది, ఆ తరవాతే కింద కట్టెలు అంటించాలి. పిన్నిగారు రెండో రోజుకే ఈ కిటుకు పట్టేసి, అరిసెల పాకం దాని మీదే పెట్టారు. ఎండు కట్టెలు, ఎండు డొక్కలే వాడమని, పచ్చివి పెట్టొద్దని మరీ మరీ చెప్పాను.

తరవాత సార్వా, అంటే వానాకాలం పంట, నాట్ల కాలంలో, వానలు ముదిరాక వెళ్లి చూశాను. మెడ దగ్గర తేనెరంగు మచ్చలు చాలా వరకు పోయాయి. ఒక చోట లేతగా కనిపిస్తోంది, గొట్టంలో గాలి ఆడుతోంది కాబట్టి అదీ తగ్గుతుందని నా అంచనా. గూడు మీద సున్నం ఎక్కడా లేవలేదు. సిమెంటు తీసిన నడుమెత్తు భాగంలో కూడా గచ్చు గట్టిగా ఉంది.

ఎడమ వైపు అడుగు మూల మాత్రం ఇంకా పొడి రాలుస్తోంది. అరచేతి వెడల్పున సున్నం బూడిదరంగుకి తిరిగింది. బయటికి వెళ్లి చూస్తే, గోడ అవతల కొత్తగా పెట్టిన స్నానాల గది నీళ్లు పునాది పక్కనే ఇంకుతున్నాయి. ఆ మూలలో పూత మార్చినా, గచ్చు మార్చినా లాభం లేదు. నీళ్లని గోడకి దూరంగా తీసుకెళ్లే పక్కా కాలువ తీయాలి. అప్పటిదాకా ఆ మూలకి ఏమీ వేయొద్దని, రాలిన పొడి తుడిచేస్తూ ఉండమని చెప్పాను. రెండేళ్లకోసారి సంక్రాంతి ముందు పలచటి సున్నం ఒక చేయి, ఏటా దీపావళి తరవాత గొట్టం దులపడం, ఇంతే దీని పోషణ. ఈ సున్నం మీద ఎవరొచ్చి లప్పం పెడతామన్నా ఒప్పుకోవద్దని మాస్టారికి రాసి ఇచ్చాను, ఆయన దాన్ని ఇంటి దస్తావేజుల పెట్టెలో పెట్టుకున్నారు. కాలువ పని వచ్చే దాళ్వా కోతలయ్యాక మొదలవుతుంది.